తిరిగి చెప్పే కాకా

మొన్న మా చెల్లెలికి "కాకా రేపొస్తుండు" అని ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాను. ఫోన్ తనంతట తానే కాకాను కేకు చేసి పంపేసింది. "ఎవరి బర్త్‌డే అక్కా?" అని అటునుంచి చెల్లెలు. నవ్వుకున్నాను. ఆ నవ్వు సగంలో ఉండగానే ఇంకో కాకా గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. ఊర్జానగర్ కాకా. ఆయన ఉండి ఉంటే ఈ ఫోన్‌ను ఊరికే వదిలేవాడు కాదు. "అడగకుంట ఎట్ల మారుస్తది బిడ్డా? మా కంట్రోల్ రూంల గిట్ల చేస్తే ఛార్జిషీటే" అనేవాడు.

పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో ఆయన్ని నేనెప్పుడూ పిలవలేదు కాబట్టి, ఇక్కడ రాస్తే నాకే ఎవరో కొత్త మనిషిలా కనిపిస్తాడు. థర్మల్ పవర్ స్టేషన్ కంట్రోల్ రూంలో ఆపరేటర్. భార్య చాలా ఏళ్ళ కిందటే పోయింది. ఊర్జానగర్ క్వార్టర్‌లో ఒక్కడే ఉండేవాడు. మావాళ్ళలాగే ఆయన పెద్దలూ ఎప్పుడో ఆదిలాబాద్ వైపు నుంచి చంద్రపూర్ వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. తెలుగు గలగలా మాట్లాడేవాడు కానీ ఒక్క అక్షరం రాయడం రాదు. అప్పట్లో మాలో ఎవరికొచ్చు గనక?

ఆయన్ని తలచుకుంటే ముందు గుర్తొచ్చేది తిరిగి చెప్పడం. కంట్రోల్ రూంలో ఫోన్‌లో ఎవరు ఏ ఆర్డర్ ఇచ్చినా, విన్నవాడు అదే మాట తిరిగి చెప్పి, విన్నానని ఒప్పుకోవాలట. తిరిగి చెప్పకపోతే ఆ మాట అందనట్టే లెక్క. ఆ అలవాటు ఆయన బయటికి కూడా తెచ్చుకున్నాడు. నా ఎస్టీడీ బూత్‌కు వచ్చినా అదే వరస.

"కాకా, చాయ్ తాగుతవా? షక్కర్ తక్కువనే ఏస్త."

"చాయ్. షక్కర్ తక్కువ. విన్న."

"పోయేటప్పుడు షట్టర్ సగం దించు కాకా, ఎండ కొడుతుంది."

"షట్టర్ సగం దించుడు. విన్న."

నాకు మొదట్లో చిర్రెత్తుకొచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక, "ప్రతిదీ తిరిగి చెప్పుడేంది కాకా, నేనేం పిచ్చిదాన్నా?" అన్నాను. ఆయన నవ్వకుండా, "పిచ్చిదానివి కాదు. విన్న" అన్నాడు.

అప్పట్లో జట్‌పురా గేట్ దగ్గర మా మామగారి కిరాణా దుకాణం. దాని పక్క గదిలో నా ఎస్టీడీ బూత్. ఊళ్ళోకి ఇంటర్నెట్ వచ్చిందని తెలిసి, మా ఆయన్ని పోరి, నాగపూర్ నుంచి ఒక కంప్యూటర్ తెప్పించి, బూత్ బోర్డు కింద ఇంకో బోర్డు వేలాడదీశాను. మా మామ దాన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఇది తినేదా, తాగేదా?" అన్నాడు. చాలా రోజులు ఊరు కూడా అదే అడిగింది.

కాకా ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి స్కూటర్ మీద వచ్చాడు. కాలర్ కింద మడతపెట్టిన తెల్ల దస్తీ. ఊర్జానగర్ నుంచి ఊళ్ళోకి వచ్చేసరికి అది బొగ్గు దుమ్ముతో నల్లబడేది. దాన్ని తిరగేసి శుభ్రంగా ఉన్న వైపు మెడకు ఆనించుకుని, జేబులోంచి ఒక చిట్టీ తీసి నా ముందు పెట్టాడు.

"ఇది ఫోన్ నంబరా బిడ్డా?"

"కాదు కాకా. ఈమెయిల్ అడ్రసు."

"ఈమెయిల్ అడ్రసు. విన్న. దీనికి మాట పంపొచ్చునా?"

"పంపొచ్చు."

"అటు నుంచి మాట వస్తదా?"

"వాళ్ళు రాస్తే వస్తది."

ఆ మాట మాత్రం తిరిగి చెప్పలేదు. చిట్టీ మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

అది ఆయన కూతురి ఆఫీసు అడ్రసు. పక్క క్వార్టర్ ఆవిడ నాగపూర్ బజార్లో ఆ అమ్మాయిని చూసి, "నాన్నకు ఏమన్నా చెప్పమంటవా?" అని అడిగితే, ఇది రాసిచ్చిందట. ఫోన్ నంబరు ఇవ్వలేదు. ఈయన అడిగి తెప్పించుకోనూ లేదు. "ఇస్తే తీసుకుంట. అడిగే ముఖం నాకు లేదు" అన్నాడు. ఎందుకని నేను అడిగాను. నోరు ఆగే రకం కాదు నాది.

రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ప్యానెల్ ముందు కూర్చున్నట్టు తిన్నగా కూర్చుని చెప్పాడు.

"నాగపూర్‌ల చదివింది. ఆడనే ఒక మరాఠీ పిల్లగాన్ని కోర్టుల పెండ్లి చేసుకున్నది. ఇద్దరు కలిసి ఇంటికొచ్చిండ్రు. గడపల నిలవడి, 'నాన్నా, పెండ్లి చేసుకున్న' అన్నది. నేను సెకండ్ షిఫ్టుకు తయారై ఉన్న. స్కూటర్ తీసి డ్యూటీకి పోయిన."

"తిట్టినవా?"

"తిట్టలే."

"కొట్టినవా?"

"ఎన్నడు కొట్టలే బిడ్డా. తిరిగి చెప్పలే. గంతే. ఆ మాట గడపలనే ఉండిపోయింది."

డ్యూటీ దిగి వచ్చేసరికి వాళ్ళు లేరు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచీ అదే పద్ధతి అట. తల్లి లేని పిల్ల, ఈయనవి షిఫ్టు డ్యూటీలు. పొద్దున్నే, "తాళంచెవి పక్కింట్ల ఇస్త" అని ఈయన అంటే, జడలు వేసుకుంటూ ఆ పిల్ల, "తాళంచెవి పక్కింట్ల. విన్న" అనేదట. అలా చెప్పుకుంటూ ఇద్దరూ బతికారు. అలాంటి పిల్ల చెప్పిన మాటకు ఆయన జవాబివ్వకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఆ అమ్మాయికి అంత దెబ్బ తగిలేది కాదేమో అని నాకు అనిపించింది. పైకి అనలేదు.

రాద్దాం కాకా అన్నాను. ఆయనకు ఒకటే భయం. ఆ ఆఫీసులో అందరికీ కలిపి ఒకటే మెయిల్ అడ్రసు, ఎవరు ముందు తెరిస్తే వాళ్ళు చదువుతారు. ఆ పిల్లగాడిదీ అదే ఆఫీసు.

"నాది మరాఠీ బడి ఇంగ్లీషు. తప్పులు పోతే నలుగురిల బిడ్డ తల దించుకుంటది. ఒకసారి దించుకునేటట్టు చేసిన. చాలు" అన్నాడు.

నా కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రాం దానితోపాటు ఊరికే వచ్చినదే. అందులో స్పెల్లింగ్ చూసే బటన్ ఒకటి ఉండేది, బూడిద రంగులో, ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, దానికి వేరే పెద్ద సాఫ్ట్‌వేర్ కొనాలి, అది ఉంటేనే ఇది లేస్తుంది అన్నాడు. ధర విని ఫోన్ పెట్టేశాను. కాకాకు ఇది అసలు మింగుడుపడలేదు.

"పనిచేయనిదానికి బటన్ ఎందుకు పెట్టిండ్రు?"

"ఏమో కాకా. నేను పెట్టలే."

"మా దగ్గర పనిచేయని బటన్‌కు ట్యాగ్ కడతరు. లేకపోతే కొత్తగ వచ్చినోడు దాని మీద నమ్మకం పెట్టుకుంటడు."

మర్నాడు నిజంగానే దారం కట్టిన ఎర్ర అట్టముక్క ఒకటి తెచ్చి నా మానిటర్‌కు తగిలించాడు. బూత్‌కు వచ్చిన ప్రతివాడూ, "ఏంది వదినా, కంప్యూటర్ అమ్ముతున్నవా?" అని అడిగేవాడు.

ఇక నాకూ పట్టుదల వచ్చింది. ఊరికే దొరికే స్పెల్లింగ్ చెకర్ కోసం ఇంటర్నెట్ అంతా గాలించడం మొదలుపెట్టాను. మొదట దొరికింది కొన్నాళ్ళు పనిచేసి, పైసలు కడితేనే ఇక ముందుకు నడుస్తానని మొరాయించింది. రెండోది పెట్టుకుంటే స్పెల్లింగు సంగతి దేవుడెరుగు, తెరిచినప్పుడల్లా జూదం ప్రకటనలు. మా మామ ఒకసారి అది చూసి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి ఎక్కడో ఎవరో పుణ్యాత్ముడు తన మెయిల్ కోసం చేసుకుని అందరికీ ఊరికే ఇచ్చిన చిన్నది ఒకటి దొరికింది. దాన్ని దించుకోవడం ఒక యజ్ఞం. బూత్‌కూ ఇంటికీ ఒకటే లైను. ముప్పాతిక దిగేసరికి లోపల మా అత్తమ్మ తన అక్కకు ఫోన్ చేయాలని రిసీవర్ లేపేది, లైను తెగేది, మళ్ళీ మొదటికి. అత్తమ్మ మీద కోపం వస్తే కరెంటు పోయేది. పక్కనే అంత పవర్ స్టేషన్ పెట్టుకుని కూడా మా ఊళ్ళో కరెంటు పోతుంది. చీకట్లో కూర్చున్న పిల్లలు, "ఏం కాకా, ఏ బటన్ ఒత్తి వచ్చినవ్?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన గంభీరంగా, "నేను డ్యూటీ అప్పజెప్పినంక పోయింది" అని సంజాయిషీ ఇచ్చుకునేవాడు.

నాకెందుకు అంత తాపత్రయం అంటే, చెబుతాను. మా నాన్న నేను చెప్పిన మాట ఒక్కటైనా తిరిగి అడిగిన మనిషి కాదు. ఒక తండ్రి కూతురి ముందు తప్పు పోకూడదని ఇంత పాకులాడటం నేను ఎన్నడూ చూడలేదు. చూస్తే కడుపు నిండేది, కాస్త కుళ్ళు కూడా ఉండేది.

చెకర్ పనిచేసిన రోజు కాకా లేచి నిలబడి ఎర్ర ట్యాగ్ విప్పాడు, రెండు చేతులతో, పూజ సామానులా. తర్వాత ఇంగ్లీషులో మెయిల్ రాశాడు. ఒక్క తప్పు లేదు. చదివితే కూతురికి రాసినట్టు లేదు, పై ఆఫీసరుకు సెలవు అడిగినట్టు ఉంది. ఇక్కడ అందరూ క్షేమం, ఎండలు ఎక్కువగా ఉన్నవి, మీ క్షేమము తెలుపగలరు. అటునుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది, ఇంగ్లీషులోనే: బాగున్నాము, ధన్యవాదాలు.

"బాగున్నరట. ధన్యవాదాలట. విన్న" అని కాకా చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

అలాంటివే ఇంకొన్ని వెళ్ళాయి, అలాంటివే వచ్చాయి. ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

"కాకా, దీంట్ల ఒక్క తప్పు లేదు, ఒక్క మాట గూడ లేదు. నీ బిడ్డతోని ఎన్నడన్న ఇంగ్లీషుల మాట్లాడినవా?"

"లేదు."

"మరి ఇది రాసేది నువ్వేనని ఆమెకెట్ల తెలుస్తది?"

ఆయన నావైపు చూశాడు. నేను ఎక్కువ మాట్లాడానేమో అనుకున్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చాలాసేపు.

"బిడ్డా. నువ్వు పెండ్లి చేసుకున్నవ్. విన్న."

అంతే రాశాడు. అలవాటుగా చెకర్ బటన్ నొక్కాడు. అది ప్రతి మాట దగ్గరా ఆగింది. ఇదేమిటో తెలియదు, బదులు ఇది పెట్టనా, అది పెట్టనా అని అడిగింది. కాకా ముఖం పాలిపోయింది.

"అన్ని తప్పులేనా బిడ్డా?"

"తప్పులు గావు కాకా. దానికి తెలుగు రాదు. అగో, 'వదిలెయ్' అని ఉన్నది చూడు, అది కొట్టుకుంట పో."

"దాని పక్కపొంటిది ఏంది?"

"'చేర్చు'. అది కొడితే ఆ మాట నేర్చుకుంటది. ఇంకోసారి అడగది."

"అయితే వదిలెయ్యొద్దు. తెలియనోనికి చెప్పాలె" అని ఒక్కో మాటకూ 'చేర్చు' నొక్కాడు. చివరి మాట దగ్గర వేలు కాసేపు ఆగింది. దాన్ని కూడా చేర్చి, పంపమన్నాడు.

మర్నాడు ఆయన రాకముందే జవాబు వచ్చి ఉంది. నేను చదవలేదు. అంటే, చదివాను, చదవనట్టు కూర్చున్నాను. ఆయన వచ్చి, దస్తీ తిరగేసుకుని, తెరిచాడు.

"నాన్నా. నువ్వు విన్నవ్. విన్న."

కాకా దస్తీ తీసి ముఖానికి అద్దుకున్నాడు, నల్లబడిన వైపుతో. తీసేసరికి చెంపలు, కళ్ళ కింద అంతా బొగ్గు. నేను నీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి, పప్పు బస్తాల మధ్య నిలబడి ఏడ్చాను. మా అత్తమ్మ, "ఏమైందే?" అంటే, కాకా కూతురు మాట్లాడిందని చెప్పాను. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటినుంచి మధ్యాహ్నం పూట ఫోన్ లేపలేదు.

ఆ తర్వాత అన్నీ తెలుగు మెయిళ్ళే. పెద్ద సంగతులేం ఉండేవి కావు. కూలర్‌కు కొత్త గడ్డి పెట్టించిన. పక్కింటి పిల్లగాడు నౌకరికి పోయిండు. బూత్ అక్క ఇయ్యాల నా మీద గరమైంది. పప్పుచారుల చింతపండు ఎక్కువైంది, మీ అమ్మ యాదికొచ్చింది. ప్రతి కొత్త మాట దగ్గరా చెకర్ ఆగేది, ఆయన ఓపికగా నేర్పేవాడు. పోతూ పోతూ నాతో, "ఇయ్యాల దానికి చింతపండు నేర్పిన" అని చెప్పేవాడు. నెలలు గడిచేసరికి అది దాదాపు ఆగడం మానేసింది. ఇంగ్లీషుది కాస్తా మా ఇంటి తెలుగు నేర్చుకుంది.

కూతుర్ని రమ్మని మాత్రం ఆయన రాయలేదు. నేను గుచ్చి అడిగితే, "ఆమె ఒకసారి వచ్చి నిలవడ్డది. ఇప్పుడు పోవుడు నా వంతు. కానీ ఆమె రమ్మనాలె" అన్నాడు. చివరికి ఆ అమ్మాయే రాసింది. "ఆదివారం రా నాన్నా. మా ఇల్లు సందుల ఉన్నది, నీకు దొరకది. బస్టాండ్‌ల మేమిద్దరం నిలవడతం."

"ఆదివారం వస్తున్న" అని ఈయన పంపాడు.

"ఆదివారం వస్తున్నవ్. విన్న" అని అటునుంచి.

శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని గోల్ బజార్‌కు వెళ్ళాడు. కూతురికి చీర నన్నే ఏరమన్నాడు. ప్యాంటు షర్టు బట్ట మాత్రం తానే ఏరుకున్నాడు. "ఎవరికి కాకా?" అని తెలిసే అడిగాను. "అల్లునికి" అన్నాడు. అప్పటిదాకా ఆయన నోట 'ఆ పిల్లగాడు' తప్ప వినలేదు నేను. ఆ మాట అని, ఎవరైనా విన్నారేమో అన్నట్టు దుకాణం అంతా ఓసారి చూశాడు.

ఆదివారం నా బూత్ మూసి ఉంటుంది. సోమవారం పొద్దున షట్టర్ ఎత్తుతుంటే, కాకాతో కంట్రోల్ రూంలో పనిచేసే ఒక తెలుగాయన వచ్చాడు. స్కూటర్ దిగకుండానే, "కాకా బిడ్డ అడ్రసు నీ దగ్గర ఉన్నదా అమ్మా?" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు.

శనివారం రాత్రి డ్యూటీ అట. పొద్దున దిగి, అటునుంచి అటే నాగపూర్ బస్సు ఎక్కుదామని సంచి వెంట తెచ్చుకున్నాడట. రిలీవ్ చేయాల్సిన మనిషికి జ్వరం, రాలేదు. ఇంకొకరు వచ్చేదాకా కుర్చీ వదలడానికి లేదు. అది రూలు, కాకా ఎన్నడూ తప్పనిది.

"పొద్దటిసంది గోడ గడియారం దిక్కే చూస్తుండెనట. 'మా బిడ్డ బస్టాండ్‌ల నిలవడి ఉంటది' అన్నడు. నేనొచ్చి, 'ఇగ నువ్వు పో కాకా' అన్న. రీడింగులన్ని అప్పజెప్పిండు. నేను తిరిగి చెప్పిన. సంచి పట్టుకుని లేచిండు, లేచిన కాడనే పడిపోయిండు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది."

శవాన్ని దవాఖానలోనే ఉంచారు. కూతురు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మెయిళ్ళు నా దగ్గర రాస్తాడని మాత్రం తెలుసు.

నేను కంప్యూటర్ పెట్టి లైను కలిపాను. నేను రాయడం మొదలుపెట్టకముందే కాకాకు కూతురి నుంచి ఒక మెయిల్ వచ్చి పడింది, ఆ పొద్దున ఆఫీసు తెరవగానే పంపినట్టుంది.

"నాన్నా. పొద్దుమూకేదాక బస్టాండ్‌ల ఉన్నం. మళ్ళ డ్యూటీనా?"

పైకి చదివాను. స్కూటర్ మీద వచ్చినాయన లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను మాత్రం ఏం చేయను? ఆ అమ్మాయికి రాత్రంతా నిద్ర పట్టి ఉండదు. నాన్న ఇంకోసారి తనను గడపలో నిలబెట్టి వెళ్ళిపోయాడనుకుని ఉంటుంది. ఆ దేవుడనేవాడు ఎదురుగా ఉంటే నాలుగు దులిపేసేదాన్ని. అవునమ్మా, మళ్ళీ డ్యూటీయే. కానీ అది వేరు, ఇది వేరు. ఆ తేడా నేను ఎలా రాయాలి? చివరికి కొట్టాను.

"బిడ్డా, నేను బూత్ అక్కను. నాన్న నీ దగ్గరికే సంచి పట్టుకుని బయలుదేరిండు. నీకు చీర, అల్లునికి బట్టలు తీసుకున్నడు. బస్సు ఎక్కలేదు. నాన్న పోయిండు. తొందరగ రా."

కాకా కుర్చీలో కూర్చుని కాకా అలవాటే వచ్చిందో ఏమో, నా వేలు చెకర్ బటన్ మీదికి వెళ్ళింది. ఏదో ఒక మాట దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగితే బాగుండుననుకున్నాను. ఎక్కడా ఆగలేదు. అవన్నీ కాకా ఎప్పుడో నేర్పి పెట్టిన మాటలే, నాకు చెప్పకుండా 'అల్లునికి' కూడా. చూడటం అయిపోయింది, తప్పులేమీ లేవు అని చిన్న పెట్టె తెరుచుకుంది. దాన్ని పగలగొట్టాలనిపించింది. పంపు అని నొక్కాను.

లైను తీయలేదు. ఎస్టీడీ కోసం వచ్చినవాళ్ళను తిప్పి పంపేశాను. లోపల అత్తమ్మ ఫోన్ దగ్గరే కాపలా కూర్చుంది, ఎవరూ లేపకుండా. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"నాన్న పోయిండు. విన్న. బయలుదేరుతున్నం."

ఆ మాటకు తిరిగి చెప్పాల్సిన మనిషి దవాఖానలో పడుకుని ఉన్నాడు. నేను ఆయన కూర్చున్నట్టే రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ తెర వైపు చూస్తూ పైకి అన్నాను.

"బయలుదేరుతున్నరు. విన్న బిడ్డా."